పంటి మీద పింగాణీ పని

మన ముందు పళ్ల మీద మెరిసే పింగాణీ పొరను చేసిన పనివాళ్లలో ఒక్కరూ ఇవాళ బతికి లేరు. అమీలోబ్లాస్టులనే కణాలు అవి. పన్ను చిగురు లోపల తయారవుతున్నంత కాలమే వాటికి పని, అంతవరకే ఆయుష్షు. పన్ను చిగురు చీల్చుకుని నోట్లోకి వచ్చే వేళకు అవి రాలిపోతాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మూసుకుంటుంది. పింగాణీకి ఆ యోగం లేదు. ఏడేళ్లప్పుడు ఏ పొరతో పన్ను బయటికొస్తుందో ఆ పొరతోనే డెబ్భై ఏళ్లు గడపాలి. మా కడప జిల్లాలో రాగి సంగటిని నమలం, మింగేస్తాం. కానీ చెనిక్కాయలు, చెరుకు, మాంసం ఉన్నాయి కదా.

ఆ కణాల పనితనం దగ్గర కాసేపు ఆగాలి. ఒక్కో కణం రోజుకు సుమారు 4 మైక్రాన్ల పొర వేస్తుంది. అంటే తల వెంట్రుక మందంలో పదిహేనో వంతో, ఇరవయ్యో వంతో. అలా వేసుకుంటూ, వెనక్కి జరుగుతూ, 5 మైక్రాన్ల మందమున్న సన్నటి కడ్డీని తన వెంట వదులుతుంది. పక్కపక్క కడ్డీల గుంపులు ఒకటి ఇటు, ఒకటి అటు వాలి పెనవేసుకుంటాయి. అందుకే ఎముక కొరికినప్పుడు పుట్టిన పగులు నేరుగా లోపలికి దిగదు, మెలికలు తిరిగి ఎక్కడో ఆగిపోతుంది. ఏ రోజు పని ఆ రోజు గీతగా మిగులుతుంది. వారం పది రోజులకొకటి కొంచెం ముదురు గీత పడుతుంది. పాలపళ్లను కోసి మైక్రోస్కోపు కింద పెడితే బిడ్డ పుట్టిన రోజు కూడా ఒక గీతగా కనిపిస్తుంది. తల్లి కడుపులో వేసిన పొర ఆ గీతకు లోపల, లోకంలోకి వచ్చాక వేసిన పొర వెలుపల.

ఇది సగం పనే. మొదట వేసినప్పుడు ఆ పొర మెత్తగా ఉంటుంది. ఖనిజం కొంతే, మిగతాది ప్రొటీనూ నీళ్లూ. కట్టడం నిలబడడానికి వేసిన సారువలాంటిది ఆ ప్రొటీను. రెండో దశలో అవే కణాలు వేషం మార్చి, ఎంజైములతో ఆ ప్రొటీనును ముక్కలు చేసి బయటికి లాగేస్తాయి. ఖాళీ అయిన చోట కాల్షియం, ఫాస్ఫేటు నింపుతాయి. నెలల తరబడి సాగే ఈ పని ముగిసేసరికి పొర బరువులో 96 శాతం ఖనిజమే ఉంటుంది. మన ఒంట్లో ఇంతకు మించి గట్టిది లేదు. కొరికే అంచు దగ్గర, దవడ పంటి మొనల మీద, దీని మందం రెండున్నర మిల్లీమీటర్లు దాటదు.

ఫ్లోరైడు దెబ్బ తీసేది ఈ రెండో దశనే.

తాగే నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువైతే అది రక్తంలోంచి ఈ కణాల దగ్గరికి చేరుతుంది. ప్రొటీనును బయటికి లాగే పని మందగిస్తుంది. లాగాల్సినంత లాగకుండానే గడువు ముగుస్తుంది. పైపైన గట్టిపడుతుంది, దాని కింద సన్నటి రంధ్రాలు మిగిలిపోతాయి. వెలుగు ఆ రంధ్రాల్లో చెదిరి పన్ను సుద్దముక్కలా తెల్లగా కనిపిస్తుంది. పంటి మీద మొదట అడ్డంగా తెల్ల గీతలు, తర్వాత మబ్బులాంటి మచ్చలు వస్తాయి. గోధుమరంగు ఫ్లోరైడుది కాదు. పన్ను బయటికొచ్చాక టీ, కూర, వక్క, ఏది తగిలితే దాని రంగు ఆ రంధ్రాలు పీల్చుకుంటాయి. మరీ ఎక్కువైతే పై పొర గుంటలు గుంటలుగా ఊడిపోతుంది.

కొండాపురం, ముద్దనూరు వైపు నుంచి పిల్లవాణ్ణి తీసుకుని ప్రొద్దుటూరులో పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చే తల్లి మొదట చెప్పే మాట ఇంచుమించు ఒకటే ఉంటుంది. "సార్, ఈనికి దినామూ తోమిస్తాండా. గార పోవడంల్యా." బడిలో అయ్యవార్లు తిట్టి ఉంటారు, తోటి పిల్లలు ఎగతాళి చేసి ఉంటారు, ఇంట్లో ఇటుకపొడితో కూడా రుద్ది చూసి ఉంటారు. పనితెలిసిన డాక్టరు పన్నును తాకకముందే అడిగేది వేరే ప్రశ్న. "ఈ బిడ్డ రెండేండ్లప్పుడు మీరు ఏ నీళ్లు తాగుతాంటిరి అమ్మా?"

ఆ ప్రశ్న వెనక ఒక చదువు ఉంది. పై వరస ముందు పళ్ల పింగాణీ పని బిడ్డకు మూడు నాలుగు నెలలప్పుడు మొదలై నాలుగైదేళ్లకు ముగుస్తుంది. వాటికి అన్నిటికన్నా గండం ఒకటిన్నర ఏడు నుంచి మూడేళ్ల మధ్య. జ్ఞానదంతం పని ఏడెనిమిదేళ్లకు గానీ మొదలే కాదు. కాబట్టి ముందు పళ్ల మీద మచ్చలుండి, వెనక తర్వాత వచ్చిన పళ్లు బాగుంటే, ఆ కుటుంబం మధ్యలో ఊరైనా మారి ఉండాలి, బోరైనా మారి ఉండాలి. ఇంకో గుర్తు: ఫ్లోరైడు మచ్చ జంటగా వస్తుంది. కుడి పన్ను మీద ఏ ఎత్తులో ఉంటుందో ఎడమ పన్ను మీదా దాదాపు అదే ఎత్తులో ఉంటుంది, ఎందుకంటే రెండిటి పనీ ఒకే రోజుల్లో జరిగింది. ఒక్క పన్ను మీదే మచ్చ ఉంటే అది ఫ్లోరైడు కాదు. పాలపన్నుకు దెబ్బ తగలడమో, దాని వేరు దగ్గర చీము పట్టడమో కారణం కావచ్చు. పిల్లవాడు నోరు తెరిచిన అర నిమిషంలో ఇంత చదవగలిగిన మనిషిని చూస్తే నాకు మంచి కంసాలి గుర్తుకొస్తాడు.

ఈ చదువుకు ఓనమాలు దిద్దింది అమెరికాలో. ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెడితే, అక్కడ పుట్టి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమ మచ్చలు కనిపించాయి. కారణం నీళ్లలోనే ఉందని ఆయన అనుమానం. నీళ్లలో ఏముందో తేలడానికి 1931 దాకా పట్టింది. తేల్చినవాడు అల్యూమినియం కంపెనీ రసాయనవేత్త హెచ్.వి. చర్చిల్. అల్యూమినియం పాత్రలే పళ్లు పాడుచేస్తున్నాయన్న పుకారు కంపెనీని పరీక్షకు పురిగొల్పింది. ఆర్కన్సాస్ రాష్ట్రంలో బాక్సైట్ అనే ఊరి నీళ్లలో లీటరుకు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడు బయటపడింది.

ఆ తర్వాత వచ్చిన ట్రెండ్లీ డీన్ పనిని నేను ప్రత్యేకంగా మెచ్చుకుంటాను. మచ్చలకు ఆయన ఒక నిచ్చెన కట్టాడు: మామూలు, అనుమానం, అతి స్వల్పం, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. నోరంతా వెతికి, ఎక్కువ దెబ్బతిన్న రెండు పళ్లను తీసుకుని, ఆ రెండిట్లో తక్కువ దెబ్బతిన్నదాని మెట్టే ఆ మనిషికి ఇవ్వాలన్నాడు. అతిశయోక్తికి తావు లేకుండా ముందే కళ్లెం వేసుకున్న పరిశోధకుడు. ఆ నిచ్చెన పట్టుకుని 21 ఊళ్లలో 7,257 మంది పిల్లల నోళ్లు చూశాడు. 12 నుంచి 14 ఏళ్ల పిల్లలు వాళ్లు. 1942 నాటికి లెక్క తేలింది. నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాముకు చేరేదాకా పుచ్చుపళ్లు బాగా తగ్గుతూ వచ్చాయి. అక్కడి నుంచి పైకి పోతే కొత్తగా వచ్చే లాభం కొద్దే, మచ్చలు మాత్రం పెరుగుతాయి. పళ్లను పాడుచేస్తున్నదెవరో పట్టుకోవడానికి పోయిన మనిషికి వాడు చేసే మేలు కూడా దొరికింది. మెకేకు కూడా మచ్చపళ్లు తక్కువ పుచ్చుతున్నాయన్న అనుమానం ముందే ఉండేది. 1945 జనవరి 25న గ్రాండ్ రాపిడ్స్ నగరం తాగునీటిలో కావాలనే ఫ్లోరైడు కలపడం మొదలుపెట్టింది.

మన వైపు కథ రెండో కొస నుంచి మొదలైంది. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుము వంగి, మెడ తిప్పలేని రైతులను పరీక్షించి, ఆ ఊళ్ల బావుల నీళ్లతో ముడిపెట్టారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల పేర్లు ప్రపంచ వైద్యగ్రంథాల్లోకి ఎక్కింది అలాగే. ఆ తర్వాత నల్గొండ. అమెరికా నీళ్లలో ఫ్లోరైడు కలపాలా వద్దా అని వాదించుకుంటుంటే మనం దాన్ని తీసేయడమెలా అని తల పట్టుకున్నాం. ఈ తేడా మరిచిపోయి అక్కడి వాదాలను ఇక్కడికి అరువు తెచ్చుకోవడం వాట్సాప్ కాలపు జబ్బు.

మేలు చేసేదీ కీడు చేసేదీ ఒకటే పదార్థమైతే గీత ఎక్కడ గీయాలి? నాకు తెలిసి జవాబు కొలతలో సగం ఉంది, వేళలో సగం ఉంది. పింగాణీ తయారవుతున్న రోజుల్లో కడుపులోంచి, రక్తంలోంచి వచ్చే ఫ్లోరైడు పనిని చెడగొడుతుంది. తయారైపోయి నోట్లోకి వచ్చిన పంటికి బయటి నుంచి తగిలే ఫ్లోరైడు దాన్ని కాపాడుతుంది. ఒకప్పుడు లోపలికి పోయేదే పళ్లను గట్టి చేస్తుందనుకుని అమెరికాలో పిల్లలకు మాత్రలు కూడా మింగించారు. ఇప్పుడు శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది మాట: దాని మేలులో పెద్ద భాగం పంటి పైపైనే.

ఎలాగో తెలియడానికి ప్రయోగశాల అక్కర్లేదు, జమ్మలమడుగు వైపు గనుల నుంచి వచ్చిన నల్ల బండ పరిచిన వంటిల్లు చాలు. కడప రాయి సున్నపురాయి. దాని మీద నిమ్మరసమో చింతపండు పులుసో పడి కాసేపుంటే మెరుపు పోయి వెలిసిన మచ్చ మిగులుతుంది. ఆమ్లం కాల్షియంను కరిగించేసింది. పంటి మీద జరిగేదీ అదే. చక్కెర తిన్న సూక్ష్మజీవులు ఆమ్లం వదులుతాయి. ఆమ్లతను కొలిచే పీహెచ్ అంకె 5.5 కిందికి దిగితే పింగాణీ కరగడం మొదలవుతుంది. చాక్లెట్టు నమిలాక ఇరవై నిమిషాలో అరగంటో అదే పరిస్థితి. అయితే బండకు లేని భాగ్యం పంటికి ఉంది. లాలాజలంలో కాల్షియం, ఫాస్ఫేటు నిండుగా ఉంటాయి. ఆమ్లం తగ్గగానే కరిగిన చోట అవి తిరిగి అతుక్కుంటాయి. ఆ వేళకు అక్కడ కొద్దిగా ఫ్లోరైడు ఉంటే అది కూడా కలిసి కూర్చుంటుంది. అలా కుదిరిన కొత్త ఖనిజం పీహెచ్ 4.5 దాకా దిగినా తట్టుకుంటుంది. రోజుకు పదిసార్లు జరిగే ఈ కరుగు, అతుకు బేరంలో తూకాన్ని అతుకు వైపు వంచడమే ఫ్లోరైడు చేసే పనంతా. కావలసింది చాలా తక్కువ, కానీ తరచుగా కావాలి. అందుకే పేస్టుతో తోముకున్నాక ఉమ్మేయమంటారు గానీ చెంబెడు నీళ్లు పోసి పుక్కిలించొద్దంటారు. మన అలవాటుకు ఇది విడ్డూరంగా ఉంటుంది. కానీ పుక్కిలిస్తే పంటి మీద నిలవాల్సిన ఫ్లోరైడు తూములో పోతుంది.

పేస్టు లెక్క కూడా చూద్దాం. మన దేశంలో ఫ్లోరైడు పేస్టులో అది 1000 పీపీఎం దాటకూడదు, ఎంతుందో గొట్టం మీద అచ్చు వేయాలి. అంటే గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము. మూడేళ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, మూడు నుంచి ఆరేళ్ల బిడ్డకు బఠానీగింజంత చాలని పిల్లల దంతవైద్యులు చెబుతారు. బఠానీగింజంత అంటే పావు గ్రాము. పిల్లవాడు రెండు పూటలా మొత్తం మింగేసినా అర మిల్లీగ్రాము. అదే ఇంట్లో లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల ఫ్లోరైడున్న బోరు నీళ్లు తాగుతుంటే, ఆ బిడ్డ ఒంట్లోకి లీటరు నీళ్లతోనే నాలుగు మిల్లీగ్రాములు పోయినట్టు, ఆ నీళ్లతో వండిన అన్నం, పప్పు లెక్కలోకి రాకుండానే. ఫ్లోరైడు అన్న పేరుకు జడిసి 'ఫ్లోరైడ్ లేని మూలికల పేస్టు' కొనుక్కొచ్చి, నీళ్లు మాత్రం పరీక్ష చేయని బోరువి తాగే ఇళ్లు నేను చూశాను. గుమ్మానికి గొళ్లెం వేసి పెరటి తలుపు బార్లా తెరిచినట్టుంటుంది ఆ జాగ్రత్త. టీవీ ప్రకటనలో బ్రష్షు పొడుగునా మెలికలు తిప్పి పరిచే పేస్టు కూడా మోసమే. అది అమ్మకానికి పనికొచ్చే కొలత.

గొట్టంతో ప్రమాదమే లేదని కాదు. వంద గ్రాముల గొట్టంలో వంద మిల్లీగ్రాముల ఫ్లోరైడుంటుంది. కిలో బరువుకు ఐదు మిల్లీగ్రాములు ఒక్కసారిగా లోపలికి పోతే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. పది కిలోల బిడ్డకు అది అర గొట్టం. పిప్పరమెంటు రుచి వేసి పిల్లల చేతికి అందేచోట పెట్టడం మనం చేసే పొరపాటు. ఎవరైనా చీకేస్తే దోవలో పాలు తాగించడం మంచిది, పాలలోని కాల్షియం కొంత ఫ్లోరైడును పట్టేస్తుంది.

నీళ్ల ప్రమాణం మన దగ్గర లీటరుకు ఒక మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే ఒకటిన్నర. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీతా ఒకటిన్నరే. కానీ ఆ గీతను కొండాపురం ఎండలో నిలబడి చూడాలి. 1957లో గాలగన్, వెర్మిలియన్ అనే ఇద్దరు, ఊరి ఎండను బట్టి పిల్లలు తాగే నీళ్లు ఎలా పెరుగుతాయో లెక్కగట్టి, వేడి ప్రాంతాల నీళ్లలో ఫ్లోరైడు ఇంకా తక్కువ ఉండాలని చెప్పారు. ఇళ్లకు ఏసీలొచ్చిన అమెరికా 2015లో దేశమంతటికీ 0.7 అని ఒకటే అంకె పెట్టుకుంది. మార్చి నుంచే నలభై డిగ్రీలకు ఎగబాకే చోట, చేనులో పనిచేసే మనిషి రోజుకు ఐదారు లీటర్లు తాగే చోట, ఏసీ గది లెక్క ఎలా కుదురుతుంది? అదే గ్లాసు ఇక్కడ ఎక్కువసార్లు నిండుతుంది.

నేల సంగతి ఇంకా చిత్రం. మామూలుగా కాల్షియం బాగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ నిలవలేదు, రెండూ కలిసి అడుగుకు దిగిపోతాయి. కాల్షియం తక్కువై, సోడా గుణం ఎక్కువైన నీళ్లు రాతిలోని ఫ్లోరైడును బాగా లాగుతాయి. నాపరాయి నేలలు ఒక రకం, కదిరి, అనంతపురం వైపు గ్రానైటు నేలలు ఇంకో రకం. అనంతపురం పల్లెల కోసం 1990లలో సత్యసాయి నీటి పథకం అంత పెద్దఎత్తున కట్టడానికి ఈ ఫ్లోరైడు కూడా ఒక కారణం. కొండాపురం ఆ జిల్లా పొలిమేరలోనే ఉంది. కాబట్టి "మా ఊరి నీళ్లు మంచివే" అన్న మాటకు ఇక్కడ విలువ లేదు, ఒక బోరు చెప్పేది పక్క బోరు చెప్పదు. నది నీళ్లలో సాధారణంగా ఈ బెడద తక్కువ. గండికోట జలాశయంలో కృష్ణా నీళ్లు నిలపడానికి కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దటూరు లాంటి ఊళ్లు ఇళ్లూ పొలాలూ వదులుకున్నాయి. ఆ నీళ్లు పొలాలకు పోతున్నాయన్నది ఒక లెక్క. చుట్టుపక్కల పసిబిడ్డల గ్లాసులోకి ఎంత చేరుతున్నాయన్నది నాకైతే అంతకన్నా ముఖ్యమైన లెక్క.

మళ్లీ డాక్టరు గదిలోకి వస్తాను, ఎందుకంటే నేను అబ్బురపడే చేతిపని అక్కడుంది. పన్నెండేళ్ల పిల్ల, పై వరస నాలుగు పళ్ల మీద గోధుమ మచ్చలు. తొందరపాటు మనిషి అయితే నాలుగు పళ్లనూ చుట్టూ అరగదీసి క్యాపులు తొడిగేస్తాడు. పెళ్లి చూపుల ముందు ఆ పని చేయించుకునేవాళ్లు మన ఊళ్లలో చాలామందే. పన్నెండేళ్ల పంటిలో లోపలి నరం గది ఇంకా వెడల్పుగా ఉంటుంది, అరగదీస్తే అక్కడిదాకా చేరే భయం ఉంది. పైగా ఒకసారి తీసిన పింగాణీ తిరిగి రాదని మొదటే చెప్పుకున్నాం.

తెలిసిన డాక్టరు తక్కువతో మొదలుపెడతాడు. పళ్లకు రబ్బరు తెర కడతాడు, చిగుళ్లకు వాజిలిన్ రాస్తాడు. ఆమ్లమూ, సన్నటి రాపిడి పొడీ కలిపిన ముద్దను రబ్బరు కప్పుతో నెమ్మదిగా తిప్పుతూ మచ్చ మీద రుద్దుతాడు. ఐదారు సెకన్లు. కడుగుతాడు. చూస్తాడు. పక్క నుంచి అద్దంలో పంటి ఉబ్బు ఎంత తగ్గిందో చూస్తాడు. మళ్లీ ఐదారు సెకన్లు. పన్నును తడిగానే ఉంచి చూస్తాడు, ఎందుకంటే ఆరితే మచ్చ అబద్ధంగా పెద్దదై కనిపిస్తుంది. మొత్తం మీద మిల్లీమీటరులో ఒకటి రెండు పదో వంతులే పోతుంది. ఎప్పుడు ఆపాలో తెలియడమే ఈ పనిలో అసలు చదువు.

అయినా పోని తెల్ల మచ్చలకు ఇంకో ఉపాయం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. వెలుగు పింగాణీలో వంగే తీరుకు ఒక అంకె ఉంది, 1.62. గాలికి 1, నీళ్లకు 1.33. రంధ్రాల్లో గాలి ఉంటే ఆ తేడాకు వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. అందులో 1.5కు దగ్గరగా ఉన్న పల్చటి రెజిన్‌ను ఇంకిస్తే తేడా తగ్గి మచ్చ చుట్టుపక్కల రంగులో కలిసిపోతుంది. ఏమీ అరగదీయకుండా, ఏ రంగూ పూయకుండా, వెలుగును దారిలో పెట్టి మచ్చ మాయం చేయడం. రెజిన్ పోసే ముందు ఆల్కహాలు చుక్క వేసి చూస్తారు. అది కూడా కాసేపు మచ్చను కప్పేస్తుంది కాబట్టి ఫలితం ఎలా ఉండబోతుందో ముందే తెలుస్తుంది.

గుంటలు పడ్డ పంటికి కాంపోజిట్ నింపాలి. ఫ్లోరైడు ఎక్కువగా తగిలిన పింగాణీకి అది సరిగా పట్టదు, ఆమ్లంతో గరుకు చేసే సమయం పెంచాలి. లోపల ఒక ఛాయ, పైన పలుచన ఛాయ, పొరలు పొరలుగా వేసి, నీలికాంతితో గట్టిపరిచి, ఆఖర్న సన్నటి ములుకుతో పంటి మీద అడ్డంగా అతి సన్నటి గీతలు చెక్కుతారు. నున్నగా వదిలేస్తే అది గాజుముక్కలా దొరికిపోతుంది. అమీలోబ్లాస్టులు వదిలిన వారాల గీతలను మనిషి చెయ్యి మళ్లీ గీస్తుందన్నమాట.

ఈ పనంతా అయ్యాక చివర్లో ఆ పంటి మీద పూసేది ఏమిటనుకున్నారు? ఫ్లోరైడే. ఆమ్లంతో రుద్దిన పై పొర మళ్లీ గట్టిపడాలి కదా. నీళ్లలో పెచ్చుగా వచ్చి పళ్లను మచ్చపరిచినది, అదే కుర్చీలో, తగిన వేళకు, తగిన చోట మందుగా వాలుతుంది. దంతవైద్యంలో ఫ్లోరైడు ముఖం ఇదొక్కటే కాదు. పుచ్చు మొదలైన పాలపళ్ల మీద వార్నిష్‌గా పూస్తారు. సిల్వర్ డయమిన్ ఫ్లోరైడు చుక్క వేస్తే పుచ్చు అక్కడే ఆగిపోతుంది, డ్రిల్లు అక్కర్లేదు, సూది అక్కర్లేదు, ఖర్చు తక్కువ. ఆ చోటు నల్లబడుతుంది, అదొక్కటే ఇబ్బంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్నీ, ఫ్లోరైడు పేస్టునూ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మచ్చలున్న పళ్లు పుచ్చవన్న ధీమా కూడా పనికిరాదు. గుంటలు పడ్డ పంటిలో ఆహారం నిలిచి ఇంకా తొందరగా పుచ్చుతుంది. కుర్‌కురే పొట్లాలూ కూల్‌డ్రింకులూ కొండాపురం అంగళ్లకు వచ్చి చాలా కాలమైంది.

కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో ఇలాంటి పని నేర్పుతారు. కానీ ఎంత మంచి చేతిపనైనా జరిగిపోయిన దానికి మరమ్మతు. ఫ్లోరైడు ఎక్కువ ఏళ్లు ఎక్కువ మోతాదులో పోతే పళ్ల దగ్గర ఆగదు, ఎముకలకూ కీళ్లకూ చేరుతుంది, అక్కడ మరమ్మతు లేదు. నల్గొండలో కాళ్లు వంకరపోయిన పిల్లల గురించి హైదరాబాదు పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లోనే రాశారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లకూ పిల్లల తెలివితేటలు తగ్గడానికీ సంబంధం కనిపిస్తోందని అమెరికా జాతీయ విషపదార్థ పరిశోధన కార్యక్రమం 2024లో ఓ మోస్తరు నమ్మకంతో చెప్పింది. అంతకన్నా తక్కువ మోతాదు సంగతి తేల్చలేదు. ఇది పేస్టు మానేయడానికి సాక్ష్యం కాదు. బోరు నీళ్లు పరీక్ష చేయించడానికి మాత్రం గట్టి సాక్ష్యమే.

నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే పనిలో మన ప్రాంతం పేరు ప్రపంచమంతా తిరిగింది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన 'నల్గొండ పద్ధతి' టాంజానియా, కెన్యా, ఇథియోపియా దాకా పోయింది. దాని అందమంతా సరుకులోనే ఉంది: పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి. పటిక నీళ్లలో దూదిపింజల్లాంటి గడ్డ కడుతుంది, ఫ్లోరైడు ఆ గడ్డకు అంటుకుంటుంది. పటిక వల్ల నీళ్లు పుల్లబడకుండా, గడ్డ బరువెక్కి దిగేలా, పటికలో ఇరవయ్యో వంతు సున్నం. సూక్ష్మజీవులకు బ్లీచింగ్. పది ఇరవై నిమిషాలు కలిపి గంట సేపు కదపకుండా ఉంచితే గడ్డ అడుగుకు దిగుతుంది. బకెట్టుకు కుళాయిని అడుగున కాకుండా రెండంగుళాల పైన బిగించడంలోనే తెలివంతా ఉంది, తేట నీళ్లు వస్తాయి, గసి అక్కడే ఉంటుంది. లోపాలూ ఉన్నాయి. పటిక మోతాదు ఒక్కో నీటికి ఒక్కోలా ఉండాలి, నీళ్లకు రుచి మారుతుంది, అల్యూమినియం మిగిలే ప్రమాదం ఉంది, రోజూ ఎవరో ఒకరు ఓపిగ్గా చేయాలి. ఆ ఓపిక పథకాలు లెక్కలోకి తీసుకోని సరుకు. ఇప్పుడు వీధికొక ఆర్వో ప్లాంటు వచ్చాక బకెట్టు మూలబడింది. ఆర్వో ఫ్లోరైడును తీసేస్తుంది, నిజమే. కానీ క్యాన్ నీళ్లు గ్లాసుకే పోతాయి, అన్నం వండేది ఇంకా బోరు నీళ్లతోనే.

మన చింతపండు మీద ఒక ముచ్చట చెప్పి ముందుకు పోతాను. హైదరాబాదు పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పిల్లలకు చింతపండు తినిపించి చూస్తే మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయిందని 2002లో ప్రచురించారు. చారు ప్రియులకు ఇది శుభవార్తే, కానీ చెడ్డ నీళ్లకు విరుగుడుగా తీసుకోవద్దు. పైగా అదే చింతపండు పంటి పింగాణీని కరిగించే పులుపు కూడా.

మచ్చలు పోయిన పిల్లతో పాటు చంకలో ఏడాదిన్నర తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చిన తల్లికి డాక్టరు చెప్పాల్సిన మాట ఆ పిల్ల గురించి కాదు, ఈ పిల్లవాడి గురించి. వీడి ముందు పళ్ల పింగాణీ పని చిగురు కింద ఇప్పుడే నడుస్తోంది. ఇంకో ఏడాదిన్నర వీడు తాగే నీళ్లు, వీడి అన్నం ఉడికే నీళ్లు ఏ బోరువో తేలాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఫ్లోరైడు పరీక్ష చేస్తారు. జల్ జీవన్ మిషన్ కింద పల్లెకు ఐదుగురు మహిళలకు పరీక్ష పెట్టె వాడడం నేర్పాలని నిబంధన ఉంది, పెట్టె పంచాయతీ ఆఫీసులో అడిగితే దొరకాలి. అందులోని మందు జిర్కోనియం అనే లోహమూ ఒక రంగూ కలిసినది. నీళ్లలో ఫ్లోరైడుంటే అది జిర్కోనియంను లాగేసుకుంటుంది, రంగు గులాబీ నుంచి పసుపుకు తిరుగుతుంది. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి, ఒకటిన్నర దాటితే ఆ నీళ్లు పసివాడి గ్లాసుకూ వద్దు, కుక్కర్‌కూ వద్దు. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చూడాలి, నీటిమట్టం దిగేకొద్దీ అదే బోరు అంకె మారుతుంది.